గోడ మూసేముందే షీల్డ్ కొలవండి

ఇంటికి నెట్‌వర్క్ కేబుల్ వేయించుకునేవాళ్లు ఈ మధ్య షీల్డెడ్ కేబులే కావాలని అడుగుతున్నారు. అడిగింది దొరుకుతోంది కూడా. డబ్బా మీద ఎస్/ఎఫ్‌టీపీ అని ఉంటుంది. చేతిలోకి తీసుకుంటే కేబుల్ బరువుగా, బిగువుగా ఉంటుంది. కోసి చూస్తే లోపల మెరిసే లోహపు అల్లిక, దాని కింద ఒక్కో జతకీ విడిగా చుట్టిన ఫాయిల్. ఎవరికైనా నమ్మకం కలుగుతుంది. అదే కేబుల్‌ని గోడలోని పెట్టె దాకా తెచ్చి, అల్లికను కత్తెరతో శుభ్రంగా కత్తిరించేసి, ప్లాస్టిక్ జాక్ బిగించి మూత పెట్టేస్తారు. రెండో చివరా అంతే. మూత విప్పి చూసినచోటల్లా నాకు ఎక్కువగా కనిపించేది ఇదే.

షీల్డ్ అంటే ఆ అల్లిక, ఫాయిల్‌ల లోహపు కవచం. అది ఇంట్లోని కేబుళ్లన్నీ చేరే ప్యానెల్ దగ్గర మొదలై చివరి జాక్ దాకా ఎక్కడా తెగకుండా సాగాలి, ఎర్త్‌కి చేరాలి, ఆ సంగతి మీటర్ మీద కనబడాలి. అప్పుడే ఆ ఇంట్లో షీల్డ్ ఉన్నట్టు లెక్క. ఆ పని తెలిసిన మనిషి, సరైన ఎర్త్, కొలిచే ఓపిక, ఈ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా మంచి రాగి తీగతో చేసిన మామూలు అన్‌షీల్డెడ్ కేబుల్ వేసుకోవడం అన్ని విధాలా మేలని నా వాదన. షీల్డెడ్ కేబుల్‌తో నాకు పేచీ లేదు. సగంలో వదిలేసిన షీల్డ్ మీదే నా గొడవంతా.

ముందు మెలిక గురించి చెప్పాలి, ఎందుకంటే అసలు పని చాలావరకు అదే చేస్తుంది. టెలిఫోన్ తీగల్ని జతలుగా మెలిపెట్టే పద్ధతికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఇంట్లో వేసే ఈ నెట్‌వర్క్ పద్ధతి, ఈథర్‌నెట్, ఇవాళ్టికీ దాని మీదే నడుస్తోంది. సిగ్నల్ ఒక జతలోని రెండు తీగల మధ్య తేడాగా ప్రయాణిస్తుంది. బయటి నాయిస్, అంటే అక్కర్లేని విద్యుత్ అలజడి, వచ్చి పడితే రెండు తీగల మీదా దాదాపు సమానంగా పడుతుంది. మెలిక వల్ల ఆ రెండు తీగలూ వంతులవారీగా నాయిస్ వైపుకి తిరుగుతుంటాయి కాబట్టే ఆ సమానత్వం వస్తుంది. అవతలి చివర తేడా తీసేసరికి రెండు చోట్లా సమానంగా ఉన్నది పోతుంది, సిగ్నల్ మిగులుతుంది. దీనికి తోడు ప్రతి ఈథర్‌నెట్ పోర్టు లోపలా చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. అవి 1500 వోల్టుల ఏసీని తట్టుకునేలా కేబుల్‌నీ పరికరాన్నీ విడదీస్తాయి. ఇంత ఏర్పాటు ఉంది కాబట్టే ప్రపంచంలో ఎక్కువ భాగం ఆఫీసులు ఏ షీల్డూ లేకుండా దశాబ్దాలుగా నడుస్తున్నాయి.

మరి షీల్డ్ ఏం చేస్తుంది? ఇక్కడే ఎక్కువమంది లెక్క తప్పుతోంది. "కరెంటు వైర్లు పక్కనే పోతున్నాయి, అందుకే షీల్డెడ్ వేశాం" అంటారు. అయస్కాంత క్షేత్రం లోహంలోకి ఎంత లోతు దిగుతుందనేది దాని ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. 50 హెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ లోతు 9 మిల్లీమీటర్ల పైమాటే. 100 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 6.6 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో దాదాపు పదోవంతు. పల్చటి ఫాయిల్ 100 మెగాహెర్ట్జ్‌కి గట్టి గోడలాంటిది కానీ, మామూలు కరెంటు తీగ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ అయస్కాంత క్షేత్రానికి అది ఉన్నా లేనట్టే. ఆ 50 హెర్ట్జ్ నాయిస్‌ని చూసుకునేది మెలిక, ట్రాన్స్‌ఫార్మర్. కరెంటు వైర్ల సమస్యకి అసలు మందు దూరం. వేరే పైపులో వేయడం, పక్కపక్కనే పొడుగునా పోనివ్వకపోవడం, దాటక తప్పనిచోట అడ్డంగా లంబకోణంలో దాటించడం. పైగా ఒకే పైపులో కరెంటు తీగా డేటా కేబులూ వేయడం భద్రత దృష్ట్యానే తప్పు. షీల్డ్ ఉంది కదా అని ఆ తప్పు ఒప్పైపోదు.

కరెంటు లైనులో వచ్చే వేరే రకం నాయిస్ సంగతి వేరు. మోటారు వేగం నియంత్రించే డ్రైవులు, లిఫ్టు మెషీను, సోలార్ ఇన్వర్టర్, నాసిరకం ఎల్ఈడీ డ్రైవర్లు, వీటిలో స్విచింగ్ జరిగేటప్పుడు కిలోహెర్ట్జుల నుంచి పదుల మెగాహెర్ట్జుల దాకా నాయిస్ పుడుతుంది. షీల్డ్ నిజంగా పనికొచ్చే చోటు ఇది. దగ్గరలో రేడియో ట్రాన్స్‌మిటర్ ఉన్న ఇల్లు ఇంకొకటి. మేడ మీద హామ్ రేడియో యాంటెన్నా పెట్టుకుని, ఇంట్లోని కేబుళ్ల నుంచి వచ్చే నాయిస్ తన రిసీవర్‌లోకి రాకూడదనుకునేవాళ్లది మూడోది. షీల్డ్ లోపలికి రాకుండా ఆపినట్టే బయటికి పోకుండా కూడా ఆపుతుంది.

10 గిగాబిట్ వేగం కోసం షీల్డెడ్ కావాలనే కారణం కూడా గట్టిదే, కానీ దాన్ని సరిగ్గా అర్థం చేసుకోవాలి. 2006లో వచ్చిన 10జీబేస్-టీ ప్రమాణంలో ఒక్కో జత మీద సెకనుకి 80 కోట్ల సింబళ్లు వెళతాయి, ఒక్కో సింబల్‌కీ 16 స్థాయిలు. ఒకే కేబుల్ లోపల ఒక జత నుంచి ఇంకో జతలోకి కారే క్రాస్‌టాక్‌ని పోర్టులోని చిప్ చాలావరకు తీసేయగలదు, ఎందుకంటే తాను ఏం పంపుతోందో దానికి తెలుసు. పక్క కేబుల్‌లో ఏం పోతోందో దానికి తెలియదు, తెలియనిదాన్ని తీసేయలేదు. ఏలియన్ క్రాస్‌టాక్ అనేది దీన్నే. క్యాట్ 6 (క్యాట్ అంటే కేబుల్ తరగతి) మీద 10 గిగాబిట్ దూరం పరిస్థితిని బట్టి 37 నుంచి 55 మీటర్లకి తగ్గడానికీ, 500 మెగాహెర్ట్జ్ క్యాట్ 6ఏ పుట్టడానికీ కారణం అదే. షీల్డ్ ఈ సమస్యని తేలిగ్గా పరిష్కరిస్తుంది. షీల్డ్ లేని క్యాట్ 6ఏ తయారు చేయాలంటే పక్క కేబుల్ నుంచి ఎడం కోసం పైతొడుగుని లావుగా చేయాల్సి వస్తుంది. అందుకే చాలాసార్లు షీల్డెడ్ 6ఏ కంటే అన్‌షీల్డెడ్ 6ఏనే లావుగా ఉంటుంది. ఇరుకు పైపుల ఇంట్లో ఇది ఆలోచించాల్సిన విషయం. అయితే ఏలియన్ క్రాస్‌టాక్ బలంగా ఉండేది పదుల కేబుళ్లు కట్టగా పదుల మీటర్లు కలిసి నడిచినప్పుడు. ఇంట్లో నాలుగైదు కేబుళ్లు, ఒక్కోటి పది ఇరవై మీటర్లు. అంత దూరానికి సరిగ్గా బిగించిన మామూలు క్యాట్ 6 కూడా 10 గిగాబిట్ మోయగలదు.

"రేపటికి పనికొస్తుందిగా" అనే మాట వింటుంటాను. రేపటికి పనికొచ్చేది వెడల్పాటి పైపు. 40 శాతం కంటే ఎక్కువ నిండని పైపు, మెల్లగా తిరిగే మలుపులు, లోపల వదిలేసిన లాగుడు తాడు ఉంటే పదేళ్ల తర్వాత ఏ కేబుల్ కావాలంటే అది, ఫైబర్‌తో సహా, గోడ పగలగొట్టకుండా వేసుకోవచ్చు. ఇంటి యజమాని పట్టుబట్టి అడగాల్సింది ఇదే.

కేబుల్ మీది అక్షరాల సంగతి త్వరగా చెప్పేస్తాను. గీతకి ముందున్నది మొత్తం కేబుల్ చుట్టూ ఉన్న షీల్డ్, తర్వాతది జతల చుట్టూ ఉన్నది. ఎఫ్ అంటే ఫాయిల్, ఎస్ అంటే అల్లిక, యూ అంటే ఏమీ లేదు. ఎఫ్/యూటీపీ అంటే బయట ఒకే ఫాయిల్, లోపల జతలు మామూలువే. యూ/ఎఫ్‌టీపీ అంటే జతలకి విడిగా ఫాయిల్, బయట ఏమీ లేదు. ఎస్/ఎఫ్‌టీపీ అంటే రెండూ. ఇంటికి ఎఫ్/యూటీపీ క్యాట్ 6ఏ చాలు, బిగించడమూ తేలిక. క్యాట్ 7 అని రాసినదాన్ని చూసి మోసపోకండి. 600 మెగాహెర్ట్జ్ క్యాట్ 7 కోసం ఉద్దేశించినవి జీజీ45, టెరా లాంటి వేరే కనెక్టర్లు. దానికి మామూలు నెట్‌వర్క్ కనెక్టర్ ఆర్‌జే45 బిగించాక ఆ లింకుని కొలవాల్సింది క్యాట్ 6ఏ కొలతలతోనే. క్యాట్ 8 నిజమైన ప్రమాణమే, కానీ 2000 మెగాహెర్ట్జ్ దాకా వెళ్లి 30 మీటర్ల దగ్గర ఆగిపోయే ఆ కేబుల్ డేటా సెంటర్ ర్యాకుల కోసం పుట్టింది. అన్నిటికంటే ముఖ్యం, తీగ పూర్తి రాగి అయి ఉండాలి. అల్యూమినియం మీద రాగి పూత పూసిన సీసీఏ కేబుల్ ఏ క్యాటగిరీ ప్రమాణానికీ సరిపోదు. వంచితే విరుగుతుంది, రెసిస్టెన్స్ ఎక్కువ, పీఓఈ కరెంటు (డేటా కేబుల్ గుండానే పరికరానికి ఇచ్చే కరెంటు) పంపితే ఎక్కువ వేడెక్కుతుంది. దాని మీద ఎంత అందమైన షీల్డ్ చుట్టినా ఉపయోగం లేదు.

లాగేటప్పుడు జాగ్రత్తలు రెండే. నాలుగు జతల కేబుల్ మీద 110 న్యూటన్లకి మించి, అంటే సుమారు 11 కిలోల బరువుకి మించి, బలం పడకూడదు. వంపు వ్యాసార్థం కేబుల్ లావుకి నాలుగు రెట్ల కంటే తగ్గకూడదు, షీల్డెడ్‌కి తయారీదారు ఇంకా ఎక్కువ అడిగితే అదే పాటించాలి. ఫాయిల్ ఒకసారి మడత పడి చిరిగితే బయటికి ఏమీ కనిపించదు.

ఇక చివర్లు బిగించడం. షీల్డెడ్ పనిలో నైపుణ్యమంతా ఈ రెండు అంగుళాల్లోనే ఉంది కాబట్టి కాస్త తీరిగ్గా చెబుతాను. పైతొడుగుని చుట్టూ గీరి తీసేటప్పుడు బ్లేడు అల్లికకి తగలకూడదు. సగం గీరి, వంచితే మిగతాది తనంతట తానే విడిపోతుంది. అల్లికని ఒక్క పోగు కూడా వదలకుండా వెనక్కి, తొడుగు మీదికి దువ్వాలి. ఎఫ్/యూటీపీ అయితే ఫాయిల్‌ని ఓసారి పరీక్షగా చూడండి. దానికి ఒక వైపే లోహం, ఇంకో వైపు పల్చటి ప్లాస్టిక్ పొర. డ్రెయిన్ వైర్, అంటే ఫాయిల్ వెంట సాగే తొడుగు లేని తీగ, ఏ వైపు ఆనుకుని ఉందో అదే లోహం వైపు. అనుమానమైతే మల్టీమీటర్ మొనలు రెండూ ఆనిస్తే తెలిసిపోతుంది. లోహం లోపలి వైపు ఉంటే, ఫాయిల్‌ని వెనక్కి మడిచినప్పుడు అది పైకి వస్తుంది, జాక్ క్లాంపుకి ఆనుతుంది. లోహం బయటి వైపు ఉంటే మడిచాక పైకి వచ్చేది ప్లాస్టిక్. క్లాంపు బిగుతుగానే ఉంటుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, విద్యుత్ సంబంధం మాత్రం ఉండదు. అప్పుడు మడిచిన ఫాయిల్ మీద డ్రెయిన్ వైర్‌ని రెండు మూడు చుట్లు చుట్టి దాని మీద క్లాంపు పడేలా చూడాలి.

కొందరు ఫాయిల్ అంతా కోసేసి, డ్రెయిన్ వైర్ ఒక్కదాన్నే తోకలా జాక్‌కి తగిలిస్తారు. మల్టీమీటర్ బీప్ అంటుంది, పని అయిపోయిందనుకుంటారు. ఆ తోక రెండు సెంటీమీటర్లే అనుకుందాం. దాని ఇండక్టెన్స్ సుమారు 20 నానోహెన్రీలు ఉంటుంది. అది 100 మెగాహెర్ట్జ్ దగ్గర 12 ఓముల పైన అడ్డం. డీసీకి సున్నాగా కనిపించిన దారి, షీల్డ్ పనిచేయాల్సిన ఫ్రీక్వెన్సీ దగ్గర ఇరుకైపోయింది. చుట్టూ 360 డిగ్రీలు పట్టుకునే క్లాంపు ఉన్న జాకే ఎందుకు కొనాలో దీన్నిబట్టి అర్థమవుతుంది. జతల మెలిక 13 మిల్లీమీటర్లకి మించి విప్పకండి. ఎస్/ఎఫ్‌టీపీలో ఒక్కో జత మీది ఫాయిల్‌ని జాక్ లోపలి అంచు దాకా ఉంచండి. చివరగా, అల్లికలోంచి ఊడిపడిన సన్నటి పోగులు ఎక్కడైనా ఉన్నాయేమో వెతకండి. ఒక్క పోగు ఏదైనా తీగని తాకితే ఆ లింకు ఇవాళ నడుస్తుంది, రేపు నడవదు, ఎందుకో ఎవరికీ తెలియదు.

ఎర్త్ దగ్గరికి వద్దాం. ఇంటర్నెట్‌లో ఈ విషయం మీద జరిగినన్ని వాదనలు ఇంకే దాని మీదా జరగలేదేమో. ఒక చివరే కలపాలని ఒక వర్గం, రెండు చివరలూ కలపాలని ఇంకో వర్గం. రెండు చివరలూ కలిపితే షీల్డ్ గుండా ఎర్త్‌ల మధ్య కరెంటు పారుతుందనే భయంలో నిజం ఉంది. ఒకే చివర కలిపితే ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర పనిచేయదనడంలోనూ నిజం ఉంది. 20 మీటర్ల షీల్డ్‌కి ఒక చివర ఖాళీగా వదిలేస్తే, దాని పొడవు 3.75 మెగాహెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతు. ఆ చుట్టుపక్కల నుంచి పైకి ఖాళీ చివర ఎర్త్ అయి ఉన్నట్టు ఎంత మాత్రం ప్రవర్తించదు. అందుకే నెట్‌వర్క్ కేబులింగ్ ప్రమాణాలు రెండు చివరలా షీల్డ్ కొనసాగాలంటాయి. దానికి షరతుగా రెండు ఎర్త్ బిందువుల మధ్య వోల్టేజ్ 1 వోల్ట్ ఆర్‌ఎంఎస్ దాటకూడదంటాయి. గొడవ షీల్డ్‌లో లేదు. ఆ 1 వోల్ట్ దాటే ఇంట్లో ఎర్తింగే సరిగా లేదు, ముందు బాగుచేయాల్సింది దాన్ని.

ఇంట్లో చేయాల్సిన పని సూటిగా ఉంటుంది. అన్ని కేబుళ్ల షీల్డ్‌లూ లోహపు ప్యాచ్ ప్యానెల్‌కి చేరాలి. ప్యానెల్ నుంచి ఇంటి ఎర్త్ బార్ దాకా లావుపాటి పచ్చ-పసుపు తీగ ఒకటి వెళ్లాలి. గది చివర షీల్డ్ జాక్ దాకా తెగకుండా వచ్చి ఆగాలి. అక్కడినుంచి కంప్యూటర్‌కి లోహపు పోర్టు, మూడు పిన్నుల ప్లగ్గు ఉంటే షీల్డెడ్ ప్యాచ్ కార్డుతో (జాక్ నుంచి పరికరానికి వెళ్లే పొట్టి కేబుల్‌తో) రెండో చివర దానంతటదే ఎర్త్ అవుతుంది. టీవీ, చిన్న రూటర్ లాంటివి చాలావాటికి రెండు పిన్నుల అడాప్టరు, ప్లాస్టిక్ పోర్టు ఉంటాయి. వాటి దగ్గర షీల్డ్‌కి వెళ్లే చోటే ఉండదు. అలాంటి పరికరం కోసం షీల్డెడ్ ప్యాచ్ కార్డు కొనడం డబ్బు దండగ.

అసలు ఎక్కడా ఎర్త్ చేయకపోతే? "యాంటెన్నా అయిపోతుంది" అని భయపెడతారు. అంత ఘోరమేం జరగదు, షీల్డ్ లేని కేబుల్‌లోని రాగి తీగలూ అంతే పొడవు లోహమే కదా. నాకు భయం వేరే చోట ఉంది. రెండు పిన్నుల అడాప్టర్లలో నాయిస్ వడపోత కోసం మెయిన్స్ వైపు నుంచి అవుట్‌పుట్ వైపుకి ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. దాని గుండా కొద్దిపాటి కరెంటు లీక్ అవుతూనే ఉంటుంది. లోహపు ల్యాప్‌టాప్‌ని చార్జింగ్‌లో ఉండగా ముంజేయి ఆనిస్తే సన్నగా జిల్లుమనేది అందుకే. ఎర్త్ లేని ప్యానెల్ దగ్గర ఇంట్లోని షీల్డ్‌లన్నీ కలిస్తే, ఈ చిన్న లీకులన్నీ ఒకేచోట పోగవుతాయి. ఇంకా ఘోరం, ఏ పరికరంలోనైనా ఇన్సులేషన్ పోయి ఫేజ్ బాడీకి తగిలితే, ఆ వోల్టేజ్ షీల్డ్ వెంట ప్రతి గదికీ వెళుతుంది. ప్యానెల్ ఎర్త్‌కి కలిసి ఉంటే అదే ఫాల్టు బ్రేకర్‌ని కొట్టేసి ఆగిపోయేది. ఎర్త్ అనేది ఇక్కడ నెట్‌వర్క్ వేగం కోసం పెట్టుకునే అలంకారం కాదు, మనుషుల ప్రాణాలకి సంబంధించింది.

అలాగే ఒక భవనం నుంచి ఇంకో భవనానికి, విడిగా కట్టిన గదికి, గేటు దగ్గరి కెమెరా స్తంభానికి షీల్డెడ్ రాగి కేబుల్ లాగొద్దు. రెండు చోట్లా ఎర్త్‌లు వేరు. దగ్గరలో పిడుగు పడితే ఆ రెండు ఎర్త్‌ల మధ్య తేడా వేల వోల్టులకి పోతుంది, కలిపే దారి మీ షీల్డ్ అవుతుంది. అక్కడ ఫైబర్ వేయండి. అందులో కరెంటు పారడానికి ఏమీ లేదు.

కొలవడం దగ్గర నాకు చాలా పట్టింపు. ఎక్కువమంది దగ్గర ఉండేది వరసగా దీపాలు వెలిగే చిన్న టెస్టర్. ఒకటి నుంచి ఎనిమిది దాకా వెలిగి, తొమ్మిదో దీపం, అంటే షీల్డ్ దీపం వెలిగితే "ఓకే" అంటారు. ఆ టెస్టర్ కనిపెట్టలేనివి రెండున్నాయి, రెండూ ముఖ్యమైనవే.

మొదటిది చీలిన జత. ఒక ఇంట్లో పై గది లింకు గిగాబిట్‌లో మొదలై కాసేపటికి 100 మెగాబిట్‌కి పడిపోతూ ఉండేది. దీపాలన్నీ వరసగా వెలిగేవి. జాక్ విప్పి చూస్తే రంగులు జతల వారీగా ఒకదాని పక్కన ఒకటి పేర్చి ఉన్నాయి. రెండు చివరలా అలాగే. ఆర్‌జే45లో 3, 6 పిన్నులు ఒక జత, మధ్యలో 4, 5 ఇంకో జత. రంగుల్ని వరసగా పేర్చేస్తే ఒక సిగ్నల్‌కి చెందిన రెండు తీగలు వేర్వేరు మెలికల్లో పడతాయి. తీగ లెక్కన ఒకటికి ఒకటి సరిగ్గానే చేరుతుంది, అందుకే దీపం వెలుగుతుంది. మెలిక చేసే పని మాత్రం అక్కడ సున్నా. ఎస్/ఎఫ్‌టీపీలో అయితే ఇంకా అన్యాయం, ఒకే సిగ్నల్ తీగలు రెండు వేర్వేరు ఫాయిళ్లలో ఉంటాయి. జాక్‌లో తీగలు పేర్చే ప్రామాణిక వరసలు రెండు, టీ568ఏ, టీ568బీ. టీ568బీ వరస ఇది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. 568ఏ వాడినా ఫరవాలేదు, ఇల్లంతా ఒకటే వాడితే చాలు.

రెండోది షీల్డ్ దీపం చెప్పే అబద్ధం. ప్యానెల్ ఎర్త్‌కి కలిసి ఉంది. గది చివర షీల్డెడ్ జాక్ లోహపు గోడ పెట్టెకి తగులుతోంది, ఆ పెట్టె కూడా ఎర్త్ అయి ఉంది. మధ్యలో కేబుల్ షీల్డ్ పూర్తిగా తెగిపోయినా టెస్టర్ కరెంటు ఇంటి ఎర్త్ తీగల గుండా చుట్టూ తిరిగి అవతలికి చేరుతుంది. దీపం వెలుగుతుంది. అందుకే షీల్డ్‌ని కొలవాల్సిన సమయం ప్యానెల్‌ని ఎర్త్‌కి కలపడానికి ముందు, గోడలు మూయడానికి ముందు. తర్వాత ఇదే పరీక్ష మామూలు పనిముట్లతో చేయలేం.

మల్టీమీటర్ ఉంటే చాలు. పరికరాలన్నీ ఊడదీసి, పీఓఈ పూర్తిగా ఆపేసి మొదలుపెట్టండి. ముందు షీల్డ్‌కీ ఎనిమిది తీగల్లో ప్రతిదానికీ మధ్య చూడండి, ఎక్కడా కంటిన్యుటీ (కరెంటు వెళ్లే దారి ఉందనే బీప్) రాకూడదు. వస్తే ఎక్కడో అల్లిక పోగు తగిలింది. తర్వాత షీల్డ్‌కీ ఇంటి ఎర్త్‌కీ మధ్య చూడండి. ప్యానెల్ ఇంకా కలపలేదు కాబట్టి ఇక్కడా రాకూడదు. వస్తే షీల్డ్ దారిలో ఎక్కడో లోహాన్ని తాకుతోంది, అదెక్కడో తేల్చాకే ముందుకెళ్లాలి. ఇప్పుడు గది చివర ఒక తీగని షీల్డ్‌కి క్లిప్పుతో కలిపి, ప్యానెల్ చివర ఆ తీగకీ షీల్డ్‌కీ మధ్య ఓములు కొలవండి. ఇంటి దూరాలకి కొద్ది ఓములే రావాలి. ఒకే రకం కేబుల్ కాబట్టి అన్ని లింకుల్లోనూ పొడవుకి తగిన నిష్పత్తిలో రావాలి. ఏదైనా ఒక్కటి మిగతావాటి తీరులో లేకపోతే ఆ రెండు జాకులూ మళ్లీ విప్పాల్సిందే.

చేతిలో మీటర్ ఉండగానే రాగి సంగతీ తేల్చుకోండి. ఒక చివర ఒక జతలోని రెండు తీగల్ని కలిపి, ఇంకో చివర వాటి మధ్య కొలవండి. 23 గేజ్ రాగి తీగ 100 మీటర్లకి సుమారు 6.7 ఓములు. 20 మీటర్ల లింకులో వెళ్లీ వచ్చీ 2.7 ఓముల ప్రాంతంలో రావాలి, మీటర్ తీగల సొంత ఓములు తీసేశాక. నాలుగు ఓములు దాటితే డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే, ఆ తీగ 23 గేజ్ రాగి అయ్యే అవకాశం తక్కువ.

ఇవన్నీ అయ్యాక ప్యానెల్‌ని ఎర్త్‌కి కలిపి, ప్రతి గదిలోనూ జాక్ షీల్డ్‌కీ ఆ గది సాకెట్ ఎర్త్‌కీ మధ్య ఏసీ వోల్టేజ్ చూడాలి. ఒక వోల్ట్ లోపే ఉండాలి. సాకెట్‌లో మీటర్ పెట్టే అలవాటు లేనివాళ్లు ఇది ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

పరికరాలు తగిలించి లింకుని నడిపి చూసేటప్పుడు వేగం అంకె ఒక్కటి చూసి సంతోషపడకండి. గిగాబిట్ మీద వేగం కొలిచే ప్రోగ్రామ్ ఐపర్ఫ్3 చూపించే 940 మెగాబిట్ల వెనుక ఎన్ని ప్యాకెట్లు పాడై మళ్లీ వెళ్లాయో, వాటిని తిరిగి పంపే టీసీపీ పద్ధతి దాచేస్తుంది. చూడాల్సింది స్విచ్‌లో గానీ, లినక్స్‌లో ఈథ్‌టూల్ ఆదేశంతో గానీ కనిపించే సీఆర్‌సీ తప్పుల కౌంటర్, అంటే పాడై వచ్చిన ప్యాకెట్ల లెక్క. గిగాబిట్ ప్రమాణం వెయ్యి కోట్ల బిట్లకి ఒక తప్పు దాకా ఒప్పుకుంటుంది, అంటే నిండు వేగంలో 10 సెకన్లకి ఒకటి. ఇంటి దూరాల్లో మాత్రం రాత్రంతా నడిపినా ఆ కౌంటర్ సున్నా దగ్గరే ఉండాలి. ఆ పరీక్ష నడుస్తుండగా మోటారు వేయండి, లిఫ్టు ఎక్కి దిగండి, ఎండ ఉన్న వేళ ఇన్వర్టర్ పనిచేస్తుండగా మళ్లీ చూడండి. ఇంత చేసినా ఈ పరీక్ష షీల్డ్ గురించి ఏమీ చెప్పదని గుర్తుంచుకోండి. షీల్డ్ తెగిపోయిన లింకు కూడా ఇందులో హాయిగా నెగ్గుతుంది, అసలు షీల్డే లేని లింకు నెగ్గినట్టే.

షీల్డ్ గురించి నికరంగా చెప్పగలిగేది సర్టిఫికేషన్ టెస్టర్. ఫ్లూక్ డీఎస్ఎక్స్ లాంటి యంత్రాలు ఇన్సర్షన్ లాస్ (దారిలో తగ్గే సిగ్నల్), రిటర్న్ లాస్ (వెనక్కి తిరిగొచ్చే సిగ్నల్), నెక్స్ట్ (పంపే చివర దగ్గరే పక్క జతలోకి కారే క్రాస్‌టాక్), డిలే స్క్యూ (జతల మధ్య ఆలస్యం తేడా) అన్నీ ఫ్రీక్వెన్సీ పొడుగునా కొలుస్తాయి. షీల్డ్ కేబుల్ వెంటే వెళుతోందో, ఇంటి ఎర్త్ గుండా దొంగదారిలో వెళుతోందో కూడా పట్టుకుని, తెగిన చోటు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో చూపిస్తాయి. ఒక షరతుంది. టెస్టర్ సెట్టింగులో షీల్డెడ్ కేబుల్ రకం ఎంచుకుని ఉండాలి. అన్‌షీల్డెడ్ అని పెట్టి కొలిస్తే షీల్డ్ తెగినా పాస్ అని వస్తుంది. రిపోర్టు చేతికి రాగానే మొదట చూడాల్సిన గడి అదే. రెండోది, కొలిచింది పర్మనెంట్ లింకా (గోడలోని కేబుల్, దాని రెండు చివరల జాకులు మాత్రమే), చానెలా (ప్యాచ్ కార్డులతో సహా మొత్తం దారి) అనేది. గోడలోని పనిని అంచనా వేయడానికి పర్మనెంట్ లింక్ కొలతే కావాలి.

"ఇంట్లో పది మీటర్ల లింకులే, వాటికి సర్టిఫికేషన్ ఎందుకు" అనేవాళ్లకి ఒక మాట. పొట్టి లింకుల్లో అవతలి జాక్ దగ్గరి తప్పు కేబుల్‌లో అరిగిపోకుండా దాదాపు పూర్తి బలంతో ఇవతలికి వస్తుంది. నెక్స్ట్, రిటర్న్ లాస్ పరీక్షల్లో పొడుగు లింకులు నెగ్గి, పక్కనే అదే చేత్తో బిగించిన పొట్టి లింకు తప్పడం ఈ పని చేసేవాళ్లందరికీ అనుభవమే. యంత్రం ఖరీదైనదే, ఇంటికోసం ఎవరూ కొనరు. కానీ అది ఉన్న మనిషిని ఒక పూట పిలిపించుకోవచ్చు, అద్దెకి ఇచ్చేచోట తెచ్చుకోవచ్చు. ఆ పూట ఖర్చు భరించలేమనుకుంటే షీల్డెడ్ కేబుల్, లోహపు జాకులు, లోహపు ప్యానెల్ మీద పెట్టే అదనపు ఖర్చుకి అర్థం లేదు. అదే డబ్బుతో అన్‌షీల్డెడ్ మంచిది వేసి, మిగిలింది పైపుల మీద పెట్టండి.

ఇప్పటికే గోడలో షీల్డెడ్ కేబుల్ ఉండి, చివర ప్లాస్టిక్ జాకులు ఉన్నవాళ్ల సంగతేమిటి? కౌంటర్లలో తప్పులు లేకుండా కావలసిన వేగం వస్తుంటే గదుల వైపు దేన్నీ కదపకండి. అది మంచి అన్‌షీల్డెడ్ లింకులా పనిచేస్తోంది, అలాగే వాడుకోండి. ప్యానెల్ వైపు మాత్రం ఒకసారి తెరిచి, వేలాడుతున్న అల్లికలు ఒకదాన్నొకటి తాకుతూ గాలిలో ఉన్నాయేమో చూడండి. ఉంటే ఆ ఒక్క చివరైనా లోహపు జాకులకి మార్చి ఎర్త్‌కి చేర్చండి. లేదా ఒక్కోదాన్నీ పొట్టిగా కత్తిరించి, దేనికీ తగలకుండా ఇన్సులేషన్ వేయండి. తప్పులు వస్తుంటే ముందు రంగుల వరస, తర్వాత మెలిక ఎంత విప్పారో, ఆ తర్వాత రాగి ఓములు చూడండి. ఈ మూడూ సరిగ్గా ఉండి, నాయిస్ ఇచ్చే యంత్రం నడిచినప్పుడే కౌంటర్ కదులుతుంటే, అప్పుడు రెండు చివరలా షీల్డెడ్ జాకులు బిగించడానికి పూనుకోండి. ప్యానెల్ ఎర్త్ తీగ ఆఖర్న కలపండి.